హైమా రోడ్డు మీద, రాత్రి రెండు దాటినంక

నా ట్యాంకర్‌కు ఎనభై దాటనియ్యని తాళం బిగించిండ్రు.
ఎంత తొక్కినా అంతే,
ఇంజన్ మూలుగుతది, ముల్లు కదలది.
హైమాల నీళ్లు దించి ఖాళీగ వాపస్ వస్తున్న
ఈశాన్యం దిక్కు, ఒక్క మలుపు లేని రోడ్డు.

నవంబర్ నడిమి. చలి అప్పుడప్పుడే మొదలైంది.
ఘాబా బంకు దగ్గర ఇద్రీస్ చాయ్ పోసిండు.
తూకం కాంట మీద చిట్టీలు రాసే సూడానీ,
ఒకప్పుడు ఒమ్‌దుర్మాన్ బడిల లెక్కలు చెప్పినోడు.
మా నడుమ అరబ్బీ సగం, ఉర్దూ సగం, మిగిలింది చేతులు.

సింహరాశి లేచిన దిక్కున
గీత.
మల్ల ఒక గీత.
కప్పు పెదవి దాకా పోకముందే అయిపోయింది.

"డెబ్బై ఒకటి," అన్నడు.
గంటకా?
నవ్వలె. "సెకనుకు. కిలోమీటర్లు."
ఆదమ్ నుంచి హైమా నాకు మూడున్నర గంటలు,
దానికి నాలుగు లెక్కపెట్టే లోపల.
ఆవగింజంత రాయికి ఇంత ఉరుకుడు ఎందుకు?

ఇద్రీస్ నా బండి అద్దం మీద వేలు పెట్టిండు,
పురుగుల మరకలు.
"వెనక అద్దం చూడు, ఒక్కటన్నా ఉన్నదా?
అర్ధరాత్రి దాటినంక మనం
భూమికి ముందటి అద్దం మీద ఉంటం.
భూమి ముప్పై మీద పోతది.
సూర్యుని దిక్కు పడుకుంట వచ్చిన రాయి, నలభై ఒకటి.
సామ్నెకెల్లి వస్తే కూడుకో.
వెనకకెల్లి తరుముకుంట వస్తే తీసెయ్,
భూమి గుంజుడు కలిపినా పదహారే."

మంట ఉత్త రాపిడితోని కాదట.
ముందటి గాలికి తప్పుకునే సందు దొరకది,
నలిగి నలిగి కాగుతది,
టైరుకు గాలి కొడుతుంటే పంపు మూతి చురుక్కుమన్నట్టు.

నాకు పోశెట్టి యాదికొచ్చిండు.
ఇదే రోడ్డు, మూడేండ్ల కింద. సామ్నె సామ్నె.
కంపెనీ కాగితంల రెండు వందలని రాసిండ్రు.
వాని బండికీ తాళం ఉండె.
ఎనభై దాటదని ఆఫీసుల కొట్లాడిన,
అబద్ధమని కాగితం టేబుల్ మీద విసిరిన.

ఎనభై.
అటునుంచి వచ్చిన పికప్, నూట ఇరవై.

చాయ్ చల్లారింది.
"ఇద్రీస్, కూడిక ఎవ్వరి తప్పు?"
ఆయన కప్పు కడిగి బోర్లిచ్చిండు.

బండెక్కి వైపర్ వేసిన.
మరకలు పోలె, ఇంకింత పరుచుకున్నయి.
ముల్లు ఎనభై మీద నిలబడ్డది.
నా కింద, సెకనుకు ముప్పై.