అట్ట మీద లేని గడి

బేస్తవారం పొద్దున
మేడం ఫ్రిజ్జు మీద ఒక అట్ట తగిలించింది.
అడ్డంగా ఏడు రోజులు, నిలువుగా ముగ్గురు పిల్లోళ్ళు,
గడిగడికీ ఒక బొమ్మ.
పరుపు, చీపురు, తట్ట, చేపల తొట్టి.
అరబ్బీ అచ్చరాలు నాకు రావు గానీ
పని బొమ్మ ఏ బాసలో ఉన్నా చదువుతా.

పెద్దపిల్ల పేరు దలాల్.
మొదట్లో నవ్వొచ్చేది.
నన్ను ఈ సల్వాకు పంపించినోణ్ణి
రాయచోటి బస్టాండులో అదే మాటతో పిలుస్తారు.
నడిపోడు ఫహద్, పదకొండేండ్లు.
చిన్నోడు బదర్ ఇంకా చెంచా పట్టుకోను నేరుస్తాండాడు.

"రీమా, నువ్వు ముట్టుకోవద్దు" అనింది మేడం.
నా పేరు రెడ్డెమ్మ. ఆమె నోట్లో అది తిరగదు.
"వాళ్ళ పని వాళ్ళే చేసుకోవాల, చేస్తే నక్షత్రం."
బంగారు రంగు నక్షత్రాలు, డబ్బా రెండు దీనార్లు.
సరేనని చేతులు కట్టుకోని నిలబడినా.
చేతులు కట్టుకోని నిలబడేది
ఒకటే నాకు రాని పని.

ఫహద్ ఊడుస్తాడు,
చీపురుతో ఒంటెను తోలినట్టు.
నిన్నటి గాలికొచ్చిన ఎడారంతా
సోఫా కిందికి పోయి పండుకుంటుంది.
దలాల్ తట్టలు కడిగితే
మోచేతుల దాకా నురుగు,
మచ్బూసు మెతుకులు తట్టలకే.
బదర్ చేపలకు మేత వేసినాడు, డబ్బా డబ్బా.
మూడు నక్షత్రాలు.
అందరూ చప్పట్లు కొట్టిరి. నేనూ కొట్టినా.

రాత్రి పదకొండుకు ఇల్లు సద్దుమణిగినాక
సోఫా జరిపి ఊడ్చినా.
తట్టలు మళ్ళా తోమినా.
తొట్టి నీళ్ళు మార్చి చేపల్ని లెక్కబెట్టినా,
ఆరుకు ఐదు.
వాళ్ళు చేసిన పనిని మళ్ళా చేసే పని,
ఆ గడి అట్ట మీద లేదు.

అయినా ఆ రాత్రి, లైటు ఆర్పబోతా
వేలుతో కొలిచి చూసినా.
దలాల్ గడి, ఫహద్ గడి
ఒకే కొలత. వెంట్రుకంత తేడా లేదు.

మా ఇంట్లో అట్ట లేదు.
ఉండింటే గడులన్నీ నాగవేణివే.
బోరు కాడ నాలుగు బిందెలు, బోకులు, కసువు,
జేజికి సంగటి, ఎనుముకు కుడితి,
అన్న చొక్కాకు ఊడిన గుండీ,
అవన్నీ అయినాక ఇస్కూలు. దానికి తొమ్మిదేండ్లు.
ఓబులేసు దానికంటే రెండేండ్లు పెద్ద.
వాని పని అడగడం.
నీళ్ళియ్యి. సంగటి పెట్టు. నా చెప్పులు యాడ?
ఎవరు గీసినారు ఇట్లా అంటే
గీయకుండానే గీసింది నేనే.

శుక్రవారం, ఫోను నా చేతికొచ్చే గంట.
"ఓబులేసూ, రేపట్నించి బిందెలు నీవి.
కుడితి నీది. నీ తట్ట నువ్వే కడగాల.
దినం మార్చి దినం కసువు నువ్వూడ్చాల.
బొగ్గుతో గోడ మీద రాయి, నేను చూడాల."
వాడు నోరు తెరిచేలోపల
జేజి ఫోను లాక్కునింది.
"మగపిల్లోడు చీపురు పడతాడంటనే?
కువైట్ ఎండకు నీ మతి పోయిందే!"
"అత్తా, ఈడ ఐదు కార్లుండే ఇంటి కొడుకు
చీపురు పట్టినాడు. మన ఓబులేసు ఈడోడే.
నా కండ్లతో చూసినా."

చానాసేపు అవతల సప్పుడు లేదు.
ఎనుము అరిచింది, అంతే.
నేను చెప్పింది అబద్ధం కాదు.
వాని వెనకాల మళ్ళా ఊడ్చేదెవరో
ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

గంట అయిపోవస్తాంటే
నాగవేణి గుసగుసగా అడిగింది,
"అమ్మా, వాడు ఊడ్చేటప్పుడు నేనేం చేయాల?"

చేతులు కట్టుకోని నిలబడు పాపా.
మంచం కింద కసువు మిగిలినా సరే,
నువ్వు ముట్టుకోవద్దు.