నాలుగు వేళ్ళు

మకుర్డిలో, వురుకుమ్ బజారు పక్క బంకులో
తెల్లారకముందే మూడు వరసలు.
ముందు డబ్బాలు నిలబడ్డాయి,
వాటికి తోడుగా మేమొచ్చాం.

పంపు నుదుటి మీద ఆకుపచ్చ చీటీ:
తనిఖీ అయినది. కొలత సరియైనది.
కింద సర్కారు ముద్ర. పక్కన ఒక సంతకం,
అందులో ఒక్క అక్షరమూ కూడబలుక్కోలేం.
అది అంటించినవాడికి ఆ పూట
మేకమాంసం ఎవరు పెట్టించారో
వరసలో చిన్నపిల్లాణ్ణడిగినా చెబుతాడు.
గోడమీద మంత్రి పటం మారుతుంటుంది,
చీటీ మాత్రం ఏటేటా
కొత్త చిగురులా వస్తుంది.

అంకె పది చూపించి ఆగింది.
నా డబ్బాని నేను నమ్ముతాను.
లీటరు సీసాతో పదిసార్లు నీళ్ళు పోసి
మేకుతో గీత గీసుకున్న డబ్బా అది.
గీతకీ పెట్రోలుకీ నడుమ
నాలుగు వేళ్ళ ఖాళీ.

"నాలుగు వేళ్ళు!" అని అరిచాను.
పంపు కుర్రాడు ఓర్దువెన్ నెమ్మదిగా అన్నాడు:
"ఆవిరైపోయిందేమో, అమ్మా."
"గొట్టంలోంచి డబ్బాలో పడేలోపేనా?"
వరసంతా నవ్వింది.
నవ్వి, ఒకడుగు ముందుకు జరిగింది.

దారిలో, మోటారుసైకిలు నడిపేవాడి జేబులో రేడియో:
పౌరులారా, ఇంధనం పొదుపు చేయండి.
పాత కమిటీ పనితీరు చూడ్డానికి
కొత్త కమిటీ వేశాం.
ఎలుకల మీద పందికొక్కుల్ని కాపలా పెట్టారన్నమాట.
నేను ఉమ్మేశాను. బండివాడూ ఉమ్మేశాడు.
పొదుపట, పొదుపు! ఉన్నదెక్కడ, దాచేదెక్కడ?

అయినా నిన్న రాత్రి సంగతి చెప్పాలి.
మా ఇంట్లో ఒక చిన్న జనరేటరుంది,
ఊళ్ళో దాని ముద్దుపేరు
'పక్కింటివాడికన్నా నేనే నయం'.
ఫుట్‌బాల్ ఆట అయిపోయింది,
పిల్లలు పడుకున్నారు, నేనూ పడుకున్నాను.
అది మాత్రం ఒంటిగంట దాకా
పక్కింటి కిటికీలోకి పొగ కక్కుతూ
ఖాళీ కుర్చీకి గాలి విసిరింది.
ఆర్పాలంటే లేవాలి.
మెలకువ ఉంది, లేవలేదు.
నాలుగు వేళ్ళకన్నా ఎక్కువే తగలబడి ఉంటుంది.
దాన్ని కూడా మంత్రి ఖాతాలో రాద్దామని చూశాను గానీ
నాకే నవ్వొచ్చింది.

తొమ్మిదింటికి కొట్టు తెరిచాను.
సోయా గింజలు, మొక్కజొన్నలు.
తొలి బేరం ఎంబకెరెన్‌ది.
లారీ కిరాయి పెరిగిందమ్మా, ధర పెంచక తప్పలేదన్నాను.
"నువ్వు మాత్రం ఏం చేస్తావులే" అంది.
కొలగిన్నె అందుకున్నాను.
ఆమె గింజల్ని చూడ్డం లేదు,
గిన్నె అడుగు చూస్తోంది.

మూడేళ్ళ కిందట, పెట్రోలు మొదటిసారి ఎగిరినప్పుడు
రోకలి చివరతో నేనే మోదాను దాన్ని,
లోపలికి, సరిగ్గా పిడికెడు సొట్ట.
ఆ వారం బజారంతా రోకళ్ళ చప్పుడే.
తలా పిడికెడు.
ఎవరి గిన్నె మీదా ఏ చీటీ లేదు,
ఎవరికీ మేకమాంసం పెట్టనక్కర్లేకపోయింది.

ఎంబకెరెన్ సంచిలోంచి తన గిన్నె తీసింది.
"ఏమనుకోకు దూసూర్,
ఈ రోజుల్లో ఎవర్నని నమ్మను?"
గిన్నె లోపల, అంచుకి కాస్త దిగువన
మేకుతో గీసిన గీత.

గీత దాకా పోశాను.
చేతులు తడబడి నాలుగు గింజలు పైనే పడ్డాయి,
తీయలేదు.

ఆమె మలుపు తిరిగాక రోకలి వెతికాను,
సొట్టని వెనక్కి మోదేద్దామని.
దొరికింది. గిన్నె బోర్లించాను కూడా.
అంతలో రెండో బేరం వచ్చింది.
ఆమె చేతిలో
ఏ గిన్నే లేదు.