వెనక జీపు

సెమిలిగుడ బస్టాండు దగ్గర బయల్దేరినప్పుడు
అరవై తొమ్మిది సైకిళ్ళం.
కుండులి దాటేసరికి
నా ముందున్న వీపులన్నీ చీమలయ్యాయి,
తరవాత అవీ లేవు.
వెనక ఒక్కటే చప్పుడు:
దండాసి జీపు.

రూలు చిన్నది.
పదకొండున్నరకి జీపు కొండ మీదుండాలి.
దార్లో అది నిన్ను దాటిందా, నీ పందెం అయిపోయినట్టు.
సైకిలెత్తి వెనక కట్టేస్తారు,
చేతికో అరటిపండు ఇస్తారు.

సైకిలు మేనల్లుడిది.
సీటు ఎంత దించినా నా మోకాళ్ళకి పరాయిదే.
నలభై నాలుగేళ్ళు. మందుల కొట్టు.
పొద్దస్తమానం స్టూలు మీద కూర్చుని
ఊరందరి దగ్గూ వినే మనిషిని.
ఎందుకెక్కావని అడగొద్దు.
ఫారం నింపిన రాత్రి, వయసు గడిలో అంకె వేశాక
పెన్ను కాసేపు కాగితం మీదే ఆగింది.
అంతే.

తారు వదిలి ఎర్రమట్టి అందుకున్న చోట
రెండు పక్కలా వలిసె పూత.
ఇరవయ్యేళ్ళుగా బస్సు కిటికీలో అది ఒట్టి పసుపు.
ఇవాళ్టి నా వేగానికి
పువ్వు పువ్వుకీ ఒక మొహం.

గాలి బోలెడంత ఉంది, చెవుల్లో హోరుమంటోంది.
లోపలికి మాత్రం
సీసా మూతకి చిల్లు పెట్టినట్టు
చుక్కచుక్కగా దిగుతోంది.
"దేవమాలీ ఒక ఎత్తేనా?" అన్నాడు నిన్న
మంచుకొండల్లో కాపలా కాసొచ్చిన సుబేదారు.
సోంపేట ఉప్పుగాలిలో పుట్టినదాన్ని బాబూ,
నా రొమ్ముకి ఇదే ఎత్తు.

మలుపు. చిన్న గేరు.
మలుపు. ఇంకా చిన్న గేరు.
మలుపు. ఇక లేదు.
లేని గేరు కోసం
బొటనవేలు నొక్కుతూనే ఉంది.

పొట్టంగి వైపు నుంచి మబ్బు దిగింది.
దండాసి లైట్లు వేశాడు.
నా నీడ ఎగిరి ముందుకి పడింది,
సన్నగా, పొడుగ్గా,
నాకంటే బాగా తొక్కుతోంది.

అల్లం చేలో పరజా ఆడవాళ్ళు నడుం ఎత్తి చూశారు,
నన్ను కాదు, జీపుని.
అంత మెల్లగా వెళ్తోందంటే
లోపల శవముందనుకున్నారేమో.
తరవాత నన్ను చూశారు.
ఒకామె దేశియాలో ఏదో అంది, మిగతావాళ్ళు విరగబడి నవ్వారు.
నాకు అర్థమైంది.
చెప్పను.

పదకొండూ పద్దెనిమిదికి చైను జారింది.
వేళ్ళు కొయ్యబారిపోయి
గ్రీజేదో చర్మమేదో తెలీలేదు.
వంగి ఎక్కిస్తుంటే వెనక చప్పుడు ఆగింది.
తిరిగి చూస్తే
బానెట్ లేచి ఉంది, అందులో దండాసి తల.

"ఏటైంది?"
"ఇంజన్ వేడెక్కిపోనాది మందులమ్మా!
నువ్వు పో, నీళ్ళోసి బేగొచ్చేస్తాను."

పళ్ళు కొట్టుకుంటున్న ఆ చలిలో
బానెట్‌లోంచి ఆవిరి రాలేదు.
బీడీ పొగ వచ్చింది.

తొక్కాను. కొంత దూరం దిగి తోశాను.
ఒక చోట సైకిలే నన్ను మోసిందో,
నేనే దాన్ని మోశానో.
కొండ మీద బేనరు ఒక పక్క తెగి
గాలికి కొట్టుకుంటోంది.
టైము రాసే కుర్రాడు అట్ట సర్దేస్తున్నవాడు
నన్ను చూశాడు, గడియారం చూశాడు,
ఖాళీ దారి చూశాడు.
"జీపింకా రాలేదు కదా" అని
అరవై మూడో నంబరు ఎదురుగా
పదకొండూ నలభై ఏడు వేశాడు.
అరటిపండు అడిగి మరీ తిన్నాను.

మంగళవారం దండాసి కొట్టుకొచ్చాడు, దగ్గు మందుకి.
ఖాతాలో వాడి పేరు మీద నూట నలభై.
పెన్ను తీశాను, కొట్టేద్దామని.
కొట్టేస్తే
ఇంజన్ వేడెక్కలేదని
ఇద్దరం ఒప్పుకున్నట్టే కదా.

"జీపెలాగుంది?" అన్నాను.
"ఏటుంటాది, రేడియేటరు మార్పించాలంట"
అని దగ్గాడు, ఎటో చూస్తూ.

సీసా చేతికిచ్చి
నూట తొంభై ఐదని రాసుకున్నాను.