ఏడో గడి

తొమ్మిది ఇళ్ళ వీధి మాది.
అకితాలో, కొండ వెనక, ఏడాదికి నాలుగు నెలలు మంచు కిందే.
ఇంటింటికీ చేతులు మారే నోటీసు పలకలు రెండున్నాయి:
నీలం అట్ట, తుప్పు పట్టిన క్లిప్పు,
చదివామని ముద్ర వేయడానికి తొమ్మిది గళ్ళు.
ఆరోది నాది. ఏడోది కుదో ఐకిచీది.

అతనితో నాకు పదకొండేళ్ళుగా మాటల్లేవు.
అతని ఇంటికప్పు మీంచి జారిన మంచు
మా ఆయన నాటిన ప్లమ్ చెట్టును మొదలంటా విరిచింది.
"చెట్టే కదా" అన్నాడు.
మా ఆయన పోయి అప్పటికి నలభై రోజులు.

అయినా పలక వస్తే ఆపకూడదు.
కాలువ పూడిక తీసే ఆదివారం,
ఎలుగుబంటి తిరుగుతోందన్న హెచ్చరిక,
గాజు సీసాలు ఏ రోజు బయట పెట్టాలో...
వీటికీ నా కోపానికీ ఏం సంబంధం?
బూట్లు తొడుక్కుని, పార పట్టుకుని
అతని గుమ్మం దాకా దారి నేనే తవ్వుకుని
పలకను గోడకానించి వచ్చేస్తాను.
తలుపు తట్టను.
అతని ముద్ర ఎప్పుడూ వంకరే, సగం గడి బయటే.
మరుసటి చుట్టులో అది చూసి పళ్ళు నూరుకుంటాను.

నిన్న రెండో పలక తీసుకెళ్తే
మొదటిది అక్కడే ఉంది, జానెడు మంచు మోస్తూ.
దారి మీద ఒక్క అడుగూ లేదు.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో
ఏ నోటీసులోనూ రాసి లేదు.
రెండూ చంకన పెట్టుకుని
నాలుగడుగులు వెనక్కి వేశాను కూడా, అబద్ధమెందుకు.
తర్వాత తలుపు బాదాను, అప్పులవాడిలా.

చాలాసేపటికి తీశాడు.
దుప్పటి, మాసిన గడ్డం, జ్వరం కళ్ళు.
"ముద్ర" అన్నాను, ఇంకేం అనాలో తోచక.
సొరుగులో వెతికాడు, చొక్కా జేబులో, టీవీ మీద.
ఆలోపు హీటర్లో కిరోసిన్ పోశాను.
బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.
ఎవరు పెట్టమన్నారని అడక్కండి.
చెయ్యి వణికి, ఈసారి ముద్ర
వచ్చి నా గడిలో పడింది.

"ఆ చెట్టు..." అన్నాడు.
"ముందు గంజి తాగు" అన్నాను.

ఎనిమిదో ఇల్లు హతకెయామా వాళ్ళది.
అది అతను నడవాల్సిన దూరం.
చీకటి పడకముందే నేనే ఇచ్చొచ్చాను.
ఆలస్యమైంది, క్షమించండని
అతని తరఫున తల వంచాను.
ఆ మనిషి కోసం నా తల!
ఇంటికొచ్చే దాకా
అదే విసుగు.