తోడు

అక్టోబరు ఎండలో కూలమన్ గోధుమ చేను
నెల ముందే నెరిసిపోయింది.
తెల్లకంకులు. నలిపితే ఊకే, గింజ లేదు.
మొదట్లో ఆకుతొడుగు ఒలిచి చూపించింది మావిస్ ట్రెలోర్:
తేనెరంగు మచ్చ, కణుపు కింద గులాబీ బూజు.
"మా నాన్న కాలం నుంచీ మాతోనే దీని కాపురం."

నాక్కావలసింది
ఆ చేలో జబ్బుపడడం మరిచిపోయిన మొక్క.
మూడో కంచె దగ్గర దొరికింది ఒకటి,
చుట్టుపక్కలవాళ్లంతా పోయినా
పచ్చగా, కాస్త సిగ్గుపడుతున్నట్టు.

వేళ్లతో పెకలించి, తడికాగితంలో చుట్టి
పక్కసీట్లో కూర్చోబెట్టుకుని
వాగావాగా లేబ్‌కి తెచ్చాను.
స్పిరిట్‌తో కడిగితే పైపైన బతికేవన్నీ పోయాయి.
కాండం కోసి నూరితే
లోపల కాపురమున్నవి బయటపడ్డాయి,
ముత్యాల్లాంటివీ, చీమిడిలాంటివీ,
ఎంత అడిగినా పేరు చెప్పనివీ.

నలభై ఒకటి.
పళ్లెంలో ఒక్కోదాన్నీ బూజుకి ఎదురుగా పెట్టాను.
నలభై చోట్ల బూజు నడిచొచ్చి కప్పేసింది.
ఇరవై ఏడో నంబరు దగ్గర ఆగింది.
మధ్యలో గోరు వెడల్పు ఖాళీ.
అది చూస్తూ చూస్తూ నా టీ చల్లారిపోయింది.

"ఇది మందా?" అడిగింది మావిస్.
ఆమె భాషలో నేను నేర్చిన మాటలేవీ
ఆమెకి సరిపోలేదు.
రాత్రి గోరువెచ్చని పాలలో
చెంచాడు పెరుగు కలుపుతుంటే తట్టింది.
విత్తనానికి తోడు పెడుతున్నాం.
పాలకి పెట్టేదీ, చీకట్లో పక్కన నడిచేదీ
మాకు ఒకటే మాట అని ఫోన్‌లో చెప్పాను.
"తో-డు" అంది, రాయి కొరికినట్టు.

మే నెలలో, కాంక్రీటు కలిపే డ్రమ్ములో
గింజలకి జిగురూ ఇరవై ఏడూ పట్టించి విత్తాం.
జూలైలో వాన మొహం చాటేసింది.
కోతలయ్యాక తూకం వేస్తే
తోడు పెట్టిన మళ్లకీ పెట్టనివాటికీ
బస్తా తేడా లేదు,
తేమ నిలిచిన ఆ చిన్న పల్లంలో తప్ప.
నా నివేదికలో పల్లానికి గడి లేదు.

"చలికి మీ పాలు తోడుకోకపోతే ఏం చేస్తావు?"
గిన్నెకి తువ్వాలు చుడతానన్నాను.
మావిస్ చాలాసేపు చేనుకేసి చూసింది.
"అయితే ఈసారి కొయ్యకాళ్లు తగలెయ్యను.
నేలకి దుప్పటిగా ఉంటాయి."

ఆ దుప్పటి కిందే
బూజు కూడా ముసుగుతన్ని పడుకుంటుందని
ఆమెకీ తెలుసు.