ఎర్ర రెక్క

గుణుపురం సబ్‌స్టేషన్, కంట్రోల్ రూము, ఏడో ప్యానెల్.
గాజు తలుపుల వెనక
అరచేతిలో పట్టే అల్యూమినియం బిళ్ళలు మూడు.
తిరగడానికే పుట్టాయి,
తిరగకపోవడమే వాటి ఉద్యోగం.
వెంట్రుకంత స్ప్రింగు ఒకటి
ఇంకా కాదు, ఇంకా కాదంటూ
వెనక నుంచి కొంగు పట్టుకు లాగుతుంటుంది.

నన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టిన లండ గారయ్య
చుట్ట ఆర్పి చెవి మీద దోపుకుని చెప్పాడు:
"సిన్న తప్పుకి నిదానంగా తిరుగుద్ది.
పెద్ద తప్పుకి క్షణం ఆగదు.
మన ఆఫీసర్లకి ఈ బుద్ధి తిరగేసి ఉంటాది."

పక్క ప్యానెల్లో రైస్ మిల్లు ఫీడరు.
పొద్దున్నే మోటారు లేచేటప్పుడు
బిళ్ళ పావు చుట్టు కదిలి,
మోటారు ఊపిరి అందుకోగానే
ఏమీ ఎరగనట్టు వెనక్కి పోతుంది.
ఆ పావు చుట్టు ఏ లాగ్‌బుక్కులోనూ ఉండదు.

తీగ ఎక్కడ తెగినా
దగ్గరున్న బ్రేకరే ముందు తెరుచుకోవాలి.
దాని పైవాడు సెకనులో మూడో వంతు ఆగి చూస్తాడు,
రాయగడ వాడు ఇంకో మూడో వంతు.
గోరుతో పోయేదానికి గొడ్డలి లేవకూడదు.
గోరు విరిగిందా,
గొడ్డలి నిద్రపోకూడదు.

ఇదంతా పాఠం.
చైత్రం చివర ఆ రాత్రి మాట వేరు.

పుట్టాసింగి ఫీడరు. గాలి.
మూడు అమ్మీటర్లలో ఒక ముల్లు కొంచెం వాలింది.
చల్లబడింది కదా, జనం ఫ్యాన్లు కట్టేశారనుకున్నాను.
అనుకున్నాననే రాశాను.
ఫోను. లైన్‌మన్ ఇస్సాకు రైకా.
"మా సాహిలో సగం దీపాలు లేవు బాబూ,
కొండ పక్క తీగ చూసొస్తా. లైన్ బొందొ అచ్ఛి తొ?"

మధ్య బిళ్ళ వైపు చూశాను,
నేలలోకి జారే కరెంటుకి కాపు కాసేదాని వైపు.
కదల్లేదు.
తెగిన తీగ ఎండు బండ మీద పడితే
బండ తాగేది గుక్కెడు.
ఆ గుక్కెడు బిళ్ళ లెక్కలోకి రాదు.
మనిషికి మాత్రం చాలు.

"ఉండు, అడిగి చెప్తాను" అన్నాను.
ఆ ఫీడరు మీదే ఆస్పత్రి ఉంది.
రాయగడ ఫోను ఎత్తలేదు.
మళ్ళీ చేశాను.
స్విచ్చు నా చేతికి రెండడుగుల దూరం.
ఇస్సాకు ఉండలేదు,
సిగ్నలు దాటి నడిచిపోయాడు.

పదకొండు నిమిషాలు.

వాన కొండ మీదుగా దిగి వచ్చింది.
ఇక్కడ రేకు మీద చప్పుడయ్యేసరికి
అక్కడ బండ తడిసిపోయింది.
తడిసిన రాయి కుండెడు తాగింది.
బిళ్ళ కదిలింది,
నిదానంగా, గారయ్య చెప్పినట్టే,
ఒకటి, రెండు, మూడు,
కాంటాక్టు తాకింది.
యార్డులో బ్రేకరు తుపాకీలా పేలి తెరుచుకుంది.
గాజు వెనక ఎర్ర రెక్క టప్పున రాలింది.
అది ఎవరినీ అడగలేదు.

తెల్లారి ఇస్సాకు వచ్చాడు, మోకాళ్ళ దాకా బురద.
"తుమ్మెద రొద లాంటిది వినబడింది. ఆగాను.
ఎటు నుంచో తెలీలేదు. టార్చి తిప్పుతుంటే
ఆగిపోయింది. నువ్వే కట్టేశావు కదా?"
అంటూ నా గ్లాసులోంచి సగం టీ తాగేశాడు.
నేను గ్లాసు వైపు చూశాను.

లాగ్‌బుక్కులో:
రెండూ నలభై ఆరు. ఎర్త్ ఫాల్టు. రిలే పనిచేసింది.
ఒక్క అబద్ధం లేదు.

రాలిన రెక్క తనంతట తాను లేవదు.
కింద ఉన్న పుల్లని వేలితో పైకి నొక్కాలి,
జరిగింది చూశామని ఒప్పుకుంటున్నట్టు.
తీగ అతికించారు, లైను ఎక్కించాను,
ఆస్పత్రిలో దీపాలు వచ్చాయి.
పుల్ల నొక్కలేదు.

షిఫ్టు మారేటప్పుడు సులోచన బెహరా అడిగింది,
"ఫ్లాగు ఇంకా కిందే ఉందేం?"

"చూస్తున్నాను" అన్నాను.