పేర్లు కారిపోయాక

ఫిబ్రవరి. గ్లాస్గోలో వాన
అడ్డంగా పడుతోంది.
నాలుగో అంతస్తు, వంటింటి కిటికీ గట్టు మీద
కోడిగుడ్ల అట్టపెట్టెలు ఆరు,
పెరుగు తిని కడిగిన డబ్బాలు నాలుగు,
వాటి అడుగున కాల్చిన సూదితో పొడిచిన బొక్కలు.
ఇల్లంతా ఇంకా ప్లాస్టిక్ కమురు.

ధనియాలు చెప్పు కింద వేసి రుద్దాను,
ఒక్కోటీ రెండు బద్దలయ్యేదాకా.
మెంతులు రాత్రే నానబోశాను.
బెండ గింజల్ని తడి గుడ్డలో చుట్టి
బాయిలర్ అలమరలో
తువ్వాళ్ళ మధ్య పడుకోబెట్టాను.
మిరప గింజలు కొన్నవి కావు,
తాలింపు కోసం తుంచిన ఎండుమిరపకాయ
గట్టు మీద రాల్చిన చిల్లర.

నేను మందుల షాపులో పనిచేస్తాను.
పొద్దుట్నుంచి సాయంత్రం దాకా
సీసాల మీద చీటీలు అంటించడమే నా పని:
ఎవరికి, ఎన్ని, పరగడుపునా, తిన్నాకా.
ఇరవై రెండేళ్ళలో ఒక్క చీటీ తప్పు పోలేదు.

ఇంట్లో మాత్రం
ఐస్‌క్రీం పుల్లల మీద నీలం సిరాతో రాశాను.
మూడో రోజుకే వంకాయ కారిపోయి
టమాటాలో కలిసింది.
గోంగూర
గోం దగ్గర ఆగిపోయింది.

తొమ్మిదో రోజు రాత్రి
నేల కింద నుంచి
ఠక్. ఠక్. ఠక్.
చీపురు కర్ర. కింది ఇంటి ఇష్‌బెల్ మక్‌ఫెయిల్.
నేను పోసిన నీళ్ళు గట్టు దిగి, గోడ పట్టుకుని,
ఆవిడ ఇంటి కప్పు మీద
టీ రంగులో ఒక మరక గీశాయట.

క్షమాపణని రెండు మూడు రకాలుగా
నోట్లో తిప్పుకుంటూ తలుపు తీశాను.
ఆవిడ నన్ను చూడలేదు.
నా భుజం మీదుగా కిటికీ గట్టుని చూసింది.
"ఏంటవి?"
"తెలీదు" అన్నాను.
షాపులో ఏనాడూ అనకూడని మాట,
ఎంత తేలిగ్గా వచ్చేసిందో.

నిజంగానే తెలీదు.
మొదటి రెండాకులూ చాలావాటికి ఒక్కలాగే,
కోలగా, నున్నగా, ఏమీ ఎరగనట్టు.
మూడో ఆకు వస్తేగానీ
ఎవరి కులగోత్రాలూ బయటపడవు.

ఆ తర్వాత వారం బాగా జరగలేదు.
బెండ ఒక్కటీ లేవలేదు. తువ్వాళ్ళకి బూజు వాసన పట్టింది.
ఏడు మొక్కలు ఒక్క రాత్రిలో
మట్టి దగ్గర సన్నబడి పక్కకి పడిపోయాయి.
నీళ్ళు ఎక్కువయ్యాయి. ప్రేమ అనుకున్నాను, తడి అయింది.
మిగిలినవి వెలుతురు కోసం మెడలు సాచి
దారాల్లా పొడుగైపోయాయి.
పొద్దున్నే ట్రే ఇటు తిప్పి షాపుకి వెళ్తాను,
వచ్చేసరికి మళ్ళీ కిటికీ వైపే,
నాకు వీపు చూపిస్తూ.

మరకకి పరిహారంగా
ఇష్‌బెల్‌కి ఒక డబ్బా ఇచ్చాను.
పేరు లేనిది, ఉన్నవాటిలో కాస్త పొట్టిది.
ముప్పై ఏళ్ళు బస్సులో టికెట్లు కోసిన వేళ్ళతో
దాన్ని ఎత్తి, కింద ఏమైనా రాసుందేమో చూసింది.
స్ట్రాబెర్రీ పెరుగు, కొవ్వు లేనిది, అని ఉంది.
మెట్ల మీద కనబడినప్పుడల్లా
అద్దెకున్న మనిషి గురించి చెప్పినట్టు చెప్పేది:
"తాగుతాడు. మాట్లాడడు. అద్దె ఊసే లేదు."

ఏప్రిల్. పొద్దున ఆరు కాకముందే వెలుగు.
ఠక్. ఠక్. ఠక్.
ఉలిక్కిపడి గట్టు తడిమాను. పొడిగానే ఉంది.
ట్రే పొడి. నేల పొడి.
మళ్ళీ ఠక్.
చెప్పులు దొరక్క వట్టికాళ్ళతో దిగాను,
రాతిమెట్లు ఐసులా ఉన్నాయి.

తలుపు తీసే ఉంది.
డ్రెస్సింగ్ గౌనులో ఆవిడ, ఒక చేతిలో భూతద్దం,
ఇంకో చేతిలో చీపురు ఇంకా అలాగే.
డబ్బాలో మూడో ఆకు.
అంచు రంపంలా, ఒంటినిండా సన్నటి నూగు.
గోటితో దాని కొస నలిపి
వేళ్ళు నా ముక్కు దగ్గర పెట్టింది.

ఆ పచ్చి ఘాటు. తెలిసిపోయింది.
నోరు తెరిచాను.

"చెప్పకు" అంది.
"ఇంకొన్నాళ్ళు."